ఒకే ప్లేటు, రకరకాల లోతులు

గట్టి రోలర్‌కి పలుచటి రంగు, మెత్తటి రోలర్‌కి చిక్కటి రంగు. విస్కాసిటీ ప్రింటింగ్ నేర్చుకునేవాళ్లు ముందుగా వంటబట్టించుకోవలసిన సూత్రమిది. అన్నోజిగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాకొక చిన్న ప్రెస్ ఉంది. దానికి కావలసిన రోలర్లకు నాచారం పారిశ్రామికవాడలో రబ్బరు పని చేసే ఒకాయన దగ్గర రెండు రకాల రబ్బరు ఎక్కించుకున్నాను. "ఇంత మెత్తగ ఎందుకు సార్, ఒత్తితే కుంగిపోతది" అన్నాడాయన. కుంగడమే కావాలి.

జింకు ప్లేటును యాసిడ్‌తో, పనిముట్లతో మెట్లు మెట్లుగా తొలుస్తాం. అట్టడుగు గీతల్లో ఒక రంగు నింపి పైన తుడిచేస్తాం. తర్వాత అవిసె నూనె ఎక్కువ కలిపిన పలుచటి రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది మిట్టల మీదే నిలుస్తుంది. ఆపైన నూనె తక్కువగా ఉన్న చిక్కటి రంగుతో మెత్తటి రోలర్ పోతే, అది కుంగి పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద అప్పటికే నూనె ఉంది కనుక అక్కడ అంటదు. ప్రెస్ ఒక్కసారి తిప్పితే చాలు, రంగులన్నీ కలిసి కాగితం మీదికి వస్తాయి. లేకపోతే రంగుకొక ప్లేటు చేసుకుని, ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా అచ్చు వేయాలి.

1950లలో ప్యారిస్‌లో ఈ పద్ధతికి ప్రాణం పోసింది మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. తోడు మరో భారతీయుడు, కైకో మోతీ. రిషీవ్యాలీలో చదువు, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిక్షణ, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు చిత్రకళా విభాగం బాధ్యత. 1949లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లాడు. అక్కడి నుంచి ప్యారిస్, చివరికి న్యూయార్క్. 2018లో అక్కడే కన్నుమూశాడు.

ఆయన మొదట శిల్పి. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, ప్యారిస్‌లో జాడ్కిన్ దగ్గర నేర్చుకున్నది శిల్పమే. అందుకే ప్లేటును బొమ్మ గీసుకునే పలకలా చూడలేదు, చెక్కవలసిన రాయిలా చూశాడు. ముందు లోతు వచ్చింది, రంగు ఆ లోతును వెతుక్కుంటూ వచ్చింది. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఇదే.

దేశం విడిచిపోయిన చిత్రకారుడి నుంచి మనం ఊరి చెరువునో, గుడి గోపురాన్నో ఆశిస్తాం. విదేశీ గ్యాలరీలూ అవే అడుగుతాయి. కృష్ణారెడ్డి పురుగును చెక్కాడు, అలను చెక్కాడు. 1963 నాటి 'వర్ల్‌పూల్'లో సుడిగుండాన్ని చెక్కాడు. 1968లో ప్యారిస్ విద్యార్థులు వీధుల్లోకి వస్తే ఆ నిరసనకారులను చెక్కాడు. కూతురు అప్పూ పాకుతుంటే అదీ ప్లేటు మీదికి ఎక్కింది. వీటిలో ఊరు ఎక్కడుంది అని అడిగితే, చూసే తీరులో ఉంది అంటాను. ఒక ఆకు ముందు కూర్చుని, అది ఎలా పెరిగిందో తెలిసేదాకా గీయకుండా ఉండే ఓర్పు శాంతినికేతన్ ఇచ్చింది. దాన్ని ఏ దేశానికైనా మోసుకుపోవచ్చు.

ప్యారిస్‌లో ఆయనకు ఆసరా ఇచ్చింది స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17'. 1927లో మొదలైన ఆ వర్క్‌షాపు యుద్ధకాలంలో న్యూయార్క్ పోయి, 1950లో తిరిగి ప్యారిస్ చేరింది. నానా దేశాల వాళ్లు ఒకే ప్రెస్ చుట్టూ నిలబడి పనిచేసేవారు. ఒకరు కనిపెట్టింది అందరిదయ్యేది. తర్వాత రెడ్డి అక్కడ సహ డైరెక్టరయ్యాడు, ఆపైన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు నేర్పాడు. 1988లో పద్ధతి మొత్తాన్ని పుస్తకంగా రాసి పెట్టాడు. పనితనంలోని కిటుకును కొడుకుకు తప్ప ఎవరికీ చెప్పని ఉస్తాదులను చూసినవాణ్ణి కనుక, ఈ ఔదార్యం నాకు ఆయన బొమ్మలంత గొప్పగా కనిపిస్తుంది. ఆయన చెప్పి ఉండకపోతే వరంగల్ రోడ్డు పక్కన ఈ షెడ్డులో నేను రోలర్ పట్టేవాణ్ణి కాను.

మా వీధి చివర లేస్తున్న అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఒడిశా, బీహార్ కుటుంబాల పిల్లలు ఆదివారాలు వస్తుంటారు. వాళ్లకు యాసిడ్ ముట్టనివ్వను. అట్టముక్కలు కత్తిరించి, పొరలుగా అంటించి లోతులు చేయిస్తాను. మీ ఊరు గీయమని అడగను. భూతద్దం ఇచ్చి గోడమీది చీమల బారును చూడమంటాను. ఒకమ్మాయి చీమ కాలికి ఎన్ని మడతలున్నాయో చూడటానికే పూటంతా గడిపింది, ప్రింటు తీయనే లేదు. తీయమని తొందర పెట్టలేదు.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఇన్ని కాలనీలు వెలిశాయి. ఎవరైనా వచ్చి వాడుకునే ఎచింగ్ ప్రెస్ మాత్రం ఒక్కటీ నా కంటబడలేదు. పెద్ద ఖర్చు కూడా కాదు. గాలి బాగా ఆడే ఒక గది, చిన్న ప్రెస్, యాసిడ్ తొట్టి, రెండు రోలర్లు, సాయంత్రాలు తలుపు తెరిచి ఉంచే మనిషి ఉంటే చాలు. రోలర్లు ఎక్కడ చేయించాలో నేను చెబుతాను, రంగు కలపడం నేర్పుతాను. గది ఇవ్వగలిగినవాళ్లు ముందుకు రావాలి.