పద్దెనిమిది రోజుల భారతం

ఎండలు ముదిరి చేలల్లో పని సద్దుమణిగే వేళకు హోసూరు, క్రిష్ణగిరి చుట్టుపక్కల పల్లెల్లో భారతం మొదలవుతుంది. ధర్మరాజుల గుడి ముందు జెండా ఎక్కుతుంది. మొక్కుకున్నవాళ్ళ ముంజేతికి పసుపు కంకణం పడుతుంది. ఆనాటి నుంచి మధ్యాహ్నాలు హరికథ, రాత్రుళ్ళు వేషాలు కట్టి ఆడే ఆట. కురుక్షేత్రం పద్దెనిమిది రోజుల యుద్ధం గనక, ఓపిక ఉన్న ఊళ్ళో పద్దెనిమిది రోజులూ జరుపుతారు. లేనిచోట పదికో పన్నెండుకో కుదించుకుంటారు. ఆఖరి రోజు పొద్దున మట్టి దుర్యోధనుడు కూలుతాడు. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు నిప్పుల గుండం తొక్కుతారు.

మర్నాడు పత్రికల్లో కనిపించేది నిప్పుల ఫొటో. గుండం దాటడానికి పట్టేది కొన్ని క్షణాలే. దానికి ముందు గడిచిన రెండున్నర వారాల్లో ఆ మనిషి ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏం విన్నాడు, ఎవరితో మాట కలిపాడు అన్నదాంట్లోనే ఈ పండగ పనితనమంతా ఉంది. మనశ్శాంతి కోసం వారాంతపు శిబిరాలు వెతుక్కునే ఈ తరం, తాతల ఊళ్ళో ఉన్న ఈ సాధనను ఒకసారి పరీక్షగా చూడాలి.

తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపించే నేల ఇది. 1792లో టిప్పు సుల్తాను బారామహల్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నప్పుడు క్రిష్ణగిరి, 1799లో ఆయన పతనం తర్వాత హోసూరు మద్రాసు కిందికి వచ్చాయి. 1956లో భాషా రాష్ట్రాల గీతలు పడ్డాయి. 2004లో ధర్మపురి నుంచి విడదీసి క్రిష్ణగిరిని వేరే జిల్లా చేశారు. ఇన్ని గీతలు మారినా భారతం పండగ మాత్రం దేన్నీ పట్టించుకోలేదు. ఆంధ్రలోని కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు పోయినా ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళు, అవే కథలు, అదే గుండం. హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో చైత్ర పౌర్ణమి రాత్రి తిగళ కులస్థులు తల మీద ఎత్తే పూల కలశం, కరగ కూడా ద్రౌపదిదే. ధర్మరాయ గుడి నుంచి బయల్దేరిన ఆ కరగ తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్ళి మొక్కి మరీ ముందుకు సాగుతుంది. మహాభారతాన్ని తేలిక మాటల్లో తిరగరాసి దేశమంతటా చదివించిన రాజాజీ 1878లో పుట్టింది కూడా హోసూరు పక్కనున్న తొరపల్లిలోనే.

ద్రౌపదిని ఊరి అమ్మవారిగా కొలిచే ఈ ఆచారానికి తమిళనాట సెంజి ప్రాంతం పెద్ద కేంద్రం. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ దీన్ని ఏళ్ళ తరబడి పరిశోధించి, 1988లోనూ 1991లోనూ రెండు సంపుటాలు వెలువరించారు. ఆ పుస్తకాల్లో తెలుగువాళ్ళను నిలబెట్టి చదివించే సంగతి ఒకటుంది. తమిళ పల్లెల్లో ద్రౌపది గుడి ముంగిట కాపలా ఉండేది మన పోతురాజే. కొన్ని గుళ్ళలో ఆయనకు తోడుగా ముత్తాల్ రావుత్తన్ అనే ముస్లిం వీరుడు కూడా ఉంటాడు. అమ్మవారికి కులం, మతం, భాష వేరైన కావలివాళ్ళను పెట్టిన పల్లె బుద్ధి ఎంత విశాలమైందో చూడండి.

కంకణం కట్టుకున్నవాడి దినచర్య ఆ రోజే మారిపోతుంది. మాంసం, మద్యం మానాలి. ఒంటిపూట భోజనం, చాప మీద పడక, బ్రహ్మచర్యం, రెండు పూటలా స్నానం. నోట చెడ్డమాట రాకూడదు. ఇవన్నీ శబరిమల మాల వేసుకున్నవాళ్ళకూ తెలిసిన నియమాలే. భారతం కంకణానికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, దీక్ష పట్టినవాడు ఊరు విడిచి ఎక్కడికీ పోడు. తన పొలం గట్టు మీద, తన పాలివాళ్ళ మధ్య, తనకు అప్పు ఇచ్చినవాడి ఎదుటే నియమం నిలబెట్టుకోవాలి. తాగే అలవాటున్న మనిషి ఆ పద్దెనిమిది రోజులు తాగకుండా ఉంటే ఊరంతా చూస్తుంది, ఇంట్లో ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. తప్పితే ఊరంతటికీ తెలుస్తుంది. కోపం తగ్గించుకోవడం ఎలాగో కొత్తచోట నాలుగు రోజులు నేర్చుకోవడం ఒక ఎత్తు. కోపం తెప్పించే మనుషుల మధ్యే తగ్గించుకోవడం ఇంకో ఎత్తు. రెండోదే గట్టి శిక్షణ.

ఆ తర్వాతిది వినడం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పందిట్లో హరికథ మొదలవుతుంది. చేతిలో చిరతలు, కాళ్ళకు గజ్జెలు, మెడలో పూలదండతో ఒక్క మనిషి, పక్క వాద్యాలు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరంలో శిఖరానికి చేర్చిన కళ ఇదే. కథకుడు ఒక పద్యం ఎత్తుకుంటాడు, అర్థం చెబుతాడు, పిట్టకథలోకి జారుకుంటాడు, ఊళ్ళో నిన్న జరిగిన తగాదాను పేర్లెత్తకుండా అంటించి మళ్ళీ ధర్మరాజు దగ్గరికి వస్తాడు. వినేవాళ్ళు చేటలో పప్పు ఏరుకుంటూ వింటారు, కునికిపాట్లు పడుతూ వింటారు, పిల్లకు పాలిస్తూ వింటారు. ఎవరూ తప్పు పట్టరు. ఈ వెసులుబాటులోనే విశ్రాంతి ఉంది. తెలిసిన కథే, తొందర లేని గొంతు, రోజూ అదే వేళ, అదే పందిరి నీడ. మనసు నెమ్మదించడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు దొరకడం కష్టం. విరాటపర్వం చెబితే వానలు పడతాయని తెలుగువాళ్ళ నమ్మకం. పండగ వేసవిలో వస్తుంది గనక, ఆ రోజు జనం కాస్త ఎక్కువగానే కూడతారు.

రాత్రి ఆట సంగతి వేరు. తెర వెనక పాదాలు మాత్రం కనిపిస్తాయి, మద్దెల మోగుతుంది, గొంతు వినిపిస్తుంది, చాలాసేపటికి గానీ వేషం బయటికి రాదు. అద్దాలు పొదిగిన కొయ్య కిరీటం, భుజకీర్తులు, ముఖం నిండా రంగు. కట్టియంకాడు, అంటే హాస్యగాడు, రాజునూ వెక్కిరిస్తాడు, జనాన్నీ వెక్కిరిస్తాడు. తెల్లవారేదాకా ఇలా నవ్వూ ఏడుపూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

వస్త్రాపహరణం రాత్రి మాత్రం ఈ ఆటను నాటకం అనడం కష్టం. రిచర్డ్ ఫ్రాస్కా అనే పరిశోధకుడు తమిళుల వీధినాటకం తెరుక్కూత్తు మీద 1990లో వెలువరించిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని వివరంగా రాశారు. ద్రౌపది చీర మీద చెయ్యి వేయబోయే ముందు దుశ్శాసన వేషధారి ఆట ఆపేస్తాడు. కర్పూరం వెలిగిస్తారు. తాను వేషం కడుతున్నవాణ్ణే తప్ప ఆ పాపిని కానని, తనను మన్నించమని అమ్మవారికి మొక్కుకుంటాడు. ఆ తర్వాతే కొంగు పట్టుకుంటాడు. ఆ సమయంలో వేషధారులకూ, చూసేవాళ్ళలో కొందరికీ పూనకం వస్తుంది.

పదిమందిలో ఒక ఆడమనిషికి జరిగే అవమానాన్ని పల్లె ఏటా ఇలా కళ్ళారా చూస్తుంది. సభలో పెద్దలు నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో చూస్తుంది. జూదం ఇంటిని ఎక్కడికి తెస్తుందో చూస్తుంది. ముందు వరసలో చాపల మీద కూర్చునేది ఆడవాళ్ళూ పిల్లలే. వాళ్ళు కళ్ళొత్తుకుంటున్నప్పుడు, వెనక నిలబడ్డ మగవాళ్ళు తల తిప్పుకోలేరు. భార్యాభర్తల మధ్య, తోడికోడళ్ళ మధ్య ఏడాదంతా చెప్పుకోలేని మాటలను ఆ రాత్రి ద్రౌపది చెప్పేస్తుంది. సంబంధాలు చక్కబడటానికి ముందు జరగాల్సింది ఇదే: నొప్పి ఎక్కడుందో అందరి ఎదుటా బయటపడాలి.

అర్జున తపస్సు రోజున ఎత్తైన మాను పాతుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడతారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయలు, పండ్లు, విభూతి కోసం కొంగులు చాస్తారు. సంతానం కలగడం కలగకపోవడం వైద్యానికి సంబంధించిన విషయం, దాంట్లో రెండు మాటలు లేవు. కానీ ఇంట్లో గొడ్రాలని మాటలు పడే మనిషి అదే బాధ ఉన్న మరో ఇరవైమంది పక్కన పడుకుని లేవడం, ఊరంతా వాళ్ళకోసం చేతులు జోడించడం మాత్రం ఆమె ఒంటరితనానికి మందే.

పద్దెనిమిదో రోజు పొద్దున ఊరి బయట దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉంటాడు. పదుల అడుగుల పొడవున మట్టితో పోసి, రంగులు వేసిన బొమ్మ. భీముడి వేషధారి గదతో ఆ బొమ్మ చుట్టూ తిరిగి తొడ మీద కొడతాడు. అక్కడ దాచిన కుండలోంచి ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. సభలో విప్పిన జుట్టును ద్రౌపది అప్పుడు ముడి వేసుకుంటుంది. జనం ఆ మట్టి చిటికెడు ఇంటికి తీసుకుపోయి గాదెలో వేసుకుంటారు. శత్రువు ఒంటి మట్టిని ఇలా దాచుకోవడం ఈ పండగలోని లోతైన ఆలోచనల్లో ఒకటి. పగ తీరాక దుర్యోధనుడు కూడా ఊరి మట్టిలో కలిసిపోతాడు.

ఇక గుండం. చెరువులోనో ఏటిలోనో స్నానం చేసి, పసుపు బట్టలతో, కరగం వెంట ఊరేగింపుగా వస్తారు. మొద్దులు కాలి కణకణలాడే బొగ్గుల మీద నడిచి అవతలికి పోతారు. కాళ్ళు ఎందుకు కాలవన్నదానికి భౌతికశాస్త్రం దగ్గర సమాధానం ఉంది. కొయ్యబొగ్గు వేడిని త్వరగా అందించదు, పాదం దానిమీద ఆనేది చాలా తక్కువసేపు. 1935లో ఇంగ్లండులో కశ్మీరీ ఇంద్రజాలికుడు కుదా బక్ష్ చేత లండన్ విశ్వవిద్యాలయ పరిశీలకుల ఎదుట నిప్పుల మీద నడిపించి చూశారు. పాదాలకు ముందూ తర్వాతా పరీక్షలు చేసినా కాలిన గాయాలు కనిపించలేదు. అంతమాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. ఆగినా, తడబడినా, వెనకనుంచి తోసినా కాలుతుంది. పసిపిల్లల్ని ఎత్తుకుని దిగడం, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు దిగడం ఎంత మొక్కు ఉన్నా చేయకూడని పనులు. ఊరి పెద్దలు ఈ మాట మైకులో చెప్పాలి.

శాస్త్రవేత్తలు ఇటీవల పాదాలను వదిలి గుండెల వైపు చూశారు. స్పెయిన్‌లోని సాన్ పెద్రో మన్రీకే అనే పల్లెలో జూన్ నెలలో జరిగే నిప్పుల నడకలో, నడిచేవాళ్ళకూ చూసేవాళ్ళకూ గుండె లయను కొలిచే పరికరాలు కట్టి చేసిన పరిశోధన 2011లో వెలువడింది. నడుస్తున్న మనిషి గుండె ఎలా ఎగసిపడిందో, గట్టున నిలబడ్డ అతని బంధువుల, స్నేహితుల గుండెలూ అలాగే ఎగసిపడ్డాయి. ఆ ఊరితో సంబంధం లేని ప్రేక్షకుల్లో ఆ పోలిక కనిపించలేదు. మారిషస్‌లో భారతీయ సంతతివారి నిప్పుల నడక మీద 2014లో వచ్చిన మరో పరిశోధనలో, నడిచినవాళ్ళు తమకు సంతోషం పెరిగిందన్నారు, చూస్తూ నిలబడ్డవాళ్ళేమో అలసిపోయామన్నారు. క్రిష్ణగిరి పల్లెలో గట్టు మీద నిలబడి కొడుకు దాటేదాకా ఊపిరి బిగబట్టే తల్లికి ఈ సంగతి కొత్తేమీ కాదు. గుండం తొక్కేది ఒక్కడే అయినా ఆ పరీక్ష ఇంటిల్లిపాదిదీ.

అందుకే గుండం రోజు ఒక్కటే చూడటానికి వచ్చి పోయేవాళ్ళకు ఈ పండగ సగం కూడా దొరకదు. ఊరిని కలిపేవి చిన్న పనులు: పందిరి గుంజలు ఎవరు తేవాలి, ఆటగాళ్ళకు ఏ పూట ఏ ఇంట్లో అన్నం, మొద్దులు ఎవరి తోటలోవి, మట్టి తొక్కేది ఎవరు. ఒక్కో పనికి ఒక్కో వంతు ఉంటుంది. మాటలు లేని అన్నదమ్ములు కూడా ఒకే పందిరి గుంజకు చెరోవైపు చెయ్యి వేయాల్సి వస్తుంది.

ఇప్పుడు కష్టం వేరే దిక్కు నుంచి వస్తోంది. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేసే కుర్రాడికి పద్దెనిమిది రాత్రులు మేలుకోవడం కుదరదు. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తర్వాత ఈ ప్రాంతంలో తెలుగు బడులు చిక్కిపోతున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరం రాని పిల్లలు పెరుగుతున్నారు. అలాంటి పిల్లల చెవిన పద్యం పడే చోటు ఇంకా మిగిలి ఉందంటే ఈ పందిరే. ఆటగాళ్ళు తరతరాలుగా నోటికి నేర్చుకున్నవి, పాత నోటుబుక్కుల్లో రాసుకున్నవి చాలామటుకు అచ్చు కాలేదు.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. సరిహద్దు భాషల, కళల మీద పని చేయడానికి అంతకంటే దగ్గరి సంస్థ లేదు. అక్కడి పరిశోధకులు, హోసూరు తెలుగు సంఘాలు కలిసి ఒక్కో ఊరి భారతాన్ని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా రికార్డు చేయాలి. పెద్ద ఆటగాళ్ళ నోటుబుక్కులకు నకళ్ళు తీయాలి. హరికథకుల పిట్టకథలను కూడా వదలకుండా రాసిపెట్టాలి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తున్న ఈ ఊళ్ళ పిల్లలకు ఒక మనవి: ఈసారి సెలవు గుండం రోజుకు కాకుండా వస్త్రాపహరణం రాత్రికి పెట్టుకోండి, మీ పిల్లల్ని ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టండి.