తెగని ఊపిరి

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మిషన్ ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని రోజూ పెట్టుకునేలా చేయడం ఒక ఎత్తు. జక్రాన్‌పల్లిలో మా కాక ఇంట్లో ఆ పని చేసే టెక్నీషియన్ చేతులకు దండం పెట్టాలి. మాస్కును మనిషి పడుకున్నాకే సరిచూస్తాడు. గాలి కారితే పట్టీ బిగించడు; మాస్కును కాస్త ఎత్తి మళ్లీ కుదురుస్తాడు. గొంతెండుతుందంటే తేమ పెంచుతాడు. గాలి మెల్లగా మొదలై, కన్నంటుకున్నాక పెరిగేలా అమరుస్తాడు. "పగటిపూట టీవీ చూసుకుంట అరగంట పెట్టుకో కాకా, అలవాటైతది" అంటాడు. రాత్రికి 4 గంటలు దాటిందని మిషన్ చూపిస్తే తన బిడ్డ పాసైనంత సంబరపడతాడు. పసుపు చేనుకు ట్రాక్టర్ తోలే కాకకు పగలు కునుకుపాటు పోయింది. పక్కన పడుకునే చిన్నమ్మకు కంటినిండా నిద్ర దొరికింది. ఆ ఓపిక పెట్టిన భిక్ష అది.