పుడింగి అంటే మొనగాడేనా?

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన గురించి తాను రాసుకున్న పుస్తకానికి ‘నెంబర్ వన్ పుడింగి’ అని పేరు పెట్టారు. పుడింగి అంటే ఏంటని మా టీమ్‌లో ఎవర్ని అడిగినా ‘తోపు’ అనో ‘మొనగాడు’ అనో చెప్తారు. ఒకడైతే ఇంగ్లీషు పుడ్డింగ్ నుంచి వచ్చిందేమో అన్నాడు. (ఇంజినీరింగ్ చదివినవాళ్లం కదా, అన్నిటికీ అక్కడే మూలం వెతుకుతాం.) మొనగాడు అనే అర్థం తప్పేం కాదు. కానీ దాంతో సరిపెట్టుకుంటే పుస్తకం పేరు సగమే చదివినట్టు.

మాది మదనపల్లె. పుంగనూరు దాటి కుప్పం వైపు పోయేకొద్దీ తెలుగు పక్కనే కన్నడమూ తమిళమూ వినిపిస్తాయి. ఈ మాట తమిళానిది. ‘పిడుంగు’ అంటే పీకడం, పెరకడం. వాడుకలో అది ‘పుడుంగు’. పీకేవాడు ‘పుడుంగి’. తెలుగు నోట్లో పడ్డాక మధ్యలోని ఉకారం ఇకారమైంది. పదిమందైతే మనుషులు, ఒక్కడైతే మనిషి. చివరి ‘ఇ’ మధ్య అచ్చును తనవైపు లాక్కుంటుంది. ఇక్కడా అదే జరిగిందని నా లెక్క.

అసలు మజా అంతా అర్థంలో ఉంది. పెద్ద పీకేవాడంటే ఏమీ పీకలేనివాడు! ‘నువ్వేం పీకావ్?’ అని మనం అడిగేదీ, ‘ఏన్ కిత్తాక్దె?’ అని కన్నడంవాళ్లు అడిగేదీ ఈ వెటకారమే. పీకేదేంటో మూడు భాషల్లోనూ పైకి చెప్పరు. తమిళంలో మాత్రం ఆ మాటకి బూతు వాసన ఇంకా గట్టిగానే ఉంది. మనకి ‘పీకు’ ఉంది కాబట్టి ‘పుడుంగు’ అనే క్రియ అవసరం పడలేదు, పుడింగి ఒక్కడే సరిహద్దు దాటి వచ్చాడు. వేరు తెగింది, వాసనా పోయింది. అందుకే ‘వచ్చినాడమ్మా పుడింగి’ అని పిల్లోణ్ణి ముద్దుగా కూడా అనొచ్చు.

ఇప్పుడు ఆ పేరు మళ్లీ చదవండి. ఆత్మకథ అంటేనే నేనింత పీకానని చెప్పుకోవడం. ‘పచ్చనాకు సాచ్చిగా’ రాసిన మనిషికి గొప్ప చెప్పుకునే హక్కు ఎలాగూ ఉంది. ఆయన ఆ గొప్పా చెప్పుకున్నారు, ఎదుటివాడు అనబోయే తిట్టునీ ముందే లాగేసుకున్నారు. ‘మొనగాడు’ అని అర్థం రాసుకుంటే గొప్ప మిగులుతుంది, తిట్టు ఎగిరిపోతుంది. అప్పుడది ఉత్త డప్పే.

తమిళంలోకి అనువదించేవాళ్లకి తిప్పలు ఇంకోరకం. పేరు మార్చే పనే లేదు, మాట వాళ్లదే. కాకపోతే దాన్ని అట్ట మీద వేయడానికి ఏ పబ్లిషరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.