నారి లాగి ఆగినవాళ్లు

ఏజెన్సీ కూడళ్లలో అల్లూరి సీతారామరాజు విగ్రహం చేతిలో విల్లు తప్పనిసరి. ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు అడిగితే అరకు చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎందరు చెప్పగలరో! ఈ అన్నదమ్ములది బట్టిపనుకుల. గంటం దొర ఒకప్పుడు ఆ ఊరి మునసబు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌తో పడక చితికిపోయి రాజుతో కలిశాడు.

యుద్ధవిద్య అంటే మనకు గురువు, గోదా, కర్రసాము గుర్తుకొస్తాయి. మన్యంలో ఆ పాఠం వేటలోనే నడుస్తుంది. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లంతా అడవికి వెళ్తారు. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఏడిపిస్తారు. అయినా తొందరపడి బాణం వదిలితే మొత్తం జట్టు వేట చెడుతుంది. వెదురు విల్లు నేనూ ఒకసారి పట్టి చూశాను. లాగడం ఎలాగో లాగాను గానీ, లాగి ఆగేసరికి చెయ్యి వణికిపోయింది.

ఆ ఆగడమే 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో కనిపిస్తుంది. ముందు నడిచిన భారతీయ సిపాయిలను రాజు దళం కదలకుండా పోనిచ్చింది. వెనక స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు గురికి అందాకే కాల్చింది. అవును, కాల్చింది. అంతకు నెల ముందు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద మూడు రోజులు వరసగా పడి 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకెళ్లారు. విగ్రహాలు చేసేవాళ్లకు విల్లు మీద మోజు. వీళ్ల కన్ను మాత్రం తుపాకుల మీదే.

1924 మేలో రాజు, జూన్‌లో గంటం దొర నేలకొరిగారు. అంతకుముందే, 1923లో పట్టుబడిన మల్లు దొరకు ఉరి పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ చేర్చింది. 1952లో ఆయన విశాఖ నుంచి లంకా సుందరంతో పాటు తొలి లోక్‌సభకు గెలిచాడు. పోలీస్ స్టేషన్ దోచిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడంటే సినిమా వాళ్లు కూడా నమ్మరేమో.

జిల్లాకు 2022లో అల్లూరి పేరొచ్చింది, సంతోషం. ఈ అన్నదమ్ముల పేరిట పాడేరులో ఏటా విలువిద్య పోటీ పెట్టొచ్చు. బాణం ఎంత దూరం పోయిందో తర్వాత చూడొచ్చు, నారి లాగి ఎంతసేపు నిలిచారో ముందు కొలవండి.