మతములను గూర్చిన పాఠము

ప్రభుత్వ ధనముతోనే నడచు బడిలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణము. మతములను గూర్చి తెలియజెప్పుట వేరని కొఠారి కమిషను (1964–66) చెప్పెను; అది రాజ్యాంగ విరుద్ధము కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. మంచిదే.

కాని పాఠముల తీరు నాకు నచ్చదు. రంజానుకు సేమ్యా, క్రిస్మసుకు నక్షత్రము, అన్ని మతములు చెప్పునది ఒక్కటే – తరచుగా ఇంతే. బీదరు సరిహద్దునున్న మన జహీరాబాదు పిల్లవానికి ఇది చాలునా? వాని ప్రక్కనే ముస్లిము బాలుడు, ఇష్టలింగము ధరించిన లింగాయతు బాలిక కూర్చుందురు. ముస్లిములు ఈసాను కన్య మర్యము కుమారునిగా గౌరవింతురు; ఖురాను 19వ సూరా ఆమె పేరనే యున్నది. అయినను ఆయన దేవుని కుమారుడనియు, సిలువపై మరణించెననియు ఒప్పుకొనరు. ఈ భేదమును దాచి అంతా ఒక్కటే యనుట మర్యాద కాదు, పొరుగువానిమీద అబద్ధసాక్ష్యమే.

పిల్లలు దారి తప్పుదురని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. ప్రక్కవాని విశ్వాసము వినినంతనే కూలునది మనము నేర్పిన విశ్వాసమేనా?

మన సండేస్కూళ్లు మాత్రము మేలా? అన్యులు బొమ్మలకు మ్రొక్కుదురని ఒక్క మాటతో సరిపెట్టుదుము. ఇష్టలింగమును అరచేత నుంచుకొని ఆ యింటివారు ఏమని ధ్యానింతురో వారినే అడిగిన ఉపాధ్యాయులు ఎందరు? వేసవి వి.బి.యస్. పాఠములు సిద్ధపరచువారు ముందుగా అడిగి రావలెను.