ఏరి కూర్చిన గురుగ్రహం

పెరట్లోనో మేడమీదో నిలబెట్టిన టెలిస్కోపుతో గ్రహాలను ఫోటో తీయబూనినవారికి కోట్ల కిలోమీటర్ల దూరం కంటే నెత్తిమీద ఉన్న గాలే పెద్ద అడ్డంకి. గురుగ్రహం భూమికి బాగా దగ్గరైనప్పుడు కూడా దాని బింబం వెడల్పు 50 ఆర్క్‌సెకండ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. డిగ్రీలో 3600వ వంతును ఆర్క్‌సెకండు అంటారు కనుక, నిండు చందమామ వెడల్పులో అది సుమారు 36వ వంతు. అంత చిన్న బింబంలోనూ 200 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోపు 0.6 ఆర్క్‌సెకండ్ల వివరాన్ని విడదీసి చూపగలదని కాంతిశాస్త్రం చెబుతుంది. అయితే వేడి, చల్లని గాలి పొరలు ఒకదానిలో ఒకటి కలుస్తూ, వచ్చే కాంతిని క్షణానికొక తీరుగా వంచడం వల్ల, పారే కాలువ అడుగున గులకరాయి వంకరలు పోతున్నట్టు కనిపించే విధంగానే గ్రహబింబం అల్లాడుతుంది. ఈ అల్లాటం ఎంత తక్కువగా ఉందో చెప్పే కొలమానాన్ని పరిశీలకులు సీయింగ్ అంటారు.

ఫిల్ము వాడిన రోజుల్లో ఒక్కో చిత్రానికి సెకనో రెండు సెకన్లో కాంతి పట్టవలసి రావడంతో ఆ వ్యవధిలోని కదలికలన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిత్రం అలుక్కుపోయేది; గాలి ఒక్క క్షణం నిలిచినప్పుడు కన్ను పట్టుకున్న వివరాన్ని చేత్తో గీసే పరిశీలకుల బొమ్మలే చాలాకాలం ఫోటోల కంటే మిన్నగా ఉండడానికి కారణమిదే. కెమెరాకు కూడా ఆ కంటి ఓపికను నేర్పడమే నేటి పద్ధతి సారం. చాలా తక్కువ వ్యవధిలో వేలకొద్దీ చిత్రాలు తీస్తే వాటిలో కొన్ని గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడి తీరతాయని, ఆ అవకాశం ఎంతో లెక్కగట్టి డేవిడ్ ఫ్రీడ్ 1978లో చూపాడు. 2000 తరువాత ఇళ్లలో వాడే చవక వెబ్‌క్యామ్‌లు, నెదర్లాండ్స్‌కు చెందిన కోర్ బెరెవుట్స్ రాసిన రెజిస్టాక్స్ సాఫ్ట్‌వేరు చేతికి రావడంతో ఆ లెక్క ఔత్సాహికుల పెరళ్లలో ఆచరణగా మారింది.

కెమెరాను బిగించే ముందు టెలిస్కోపును సిద్ధం చేయడానికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా. ఇంట్లోంచి తెచ్చిన అద్దం బయటి గాలితో సమానంగా చల్లారేదాకా దాని మీద ఒక వెచ్చని పొర కదులుతూ ఉండి బింబాన్ని చెరుపుతుంది. ఆ తరువాత అద్దాలను ఒకే అక్షం మీదికి తేవాలి. దీన్ని కొలిమేషన్ అంటారు. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కొద్దిగా ఫోకస్ తప్పించి చూస్తే నడుమ నల్లని చుక్క, దాని చుట్టూ పలుచని వెలుగు వలయాలు కనిపిస్తాయి. అవి ఒకే కేంద్రం చుట్టూ సమంగా ఉంటే పని పూర్తయినట్టు, ఒక పక్కకు ఒరిగి ఉంటే అద్దం వెనుక మరలను వెంట్రుకవాసి తిప్పుతూ సరిచేయాలి. ఖరీదైన కెమెరా కొన్నా ఈ వలయాలను చూసే అలవాటు లేనివారి చిత్రాలు మసకగానే మిగిలిపోతాయి.

నాభ్యంతరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చే ఫోకల్ రేషియో, కెమెరా పిక్సెల్ వెడల్పు ఎన్ని మైక్రాన్లో దానికి అయిదు రెట్లు ఉంటే మేలన్నది అనుభవంలో నిలిచిన సూత్రం. 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాకు ఇది 14.5 అవుతుంది కనుక, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం, 200 మిల్లీమీటర్ల అద్దం గల టెలిస్కోపుకు ఆ నాభ్యంతరాన్ని రెండున్నర రెట్లు పెంచే బార్లో లెన్సు సరిపోతుంది. అప్పుడు కూడా సెన్సరు మీద పడే గురుడి వెడల్పు ముప్పావు మిల్లీమీటరుకు లోపే. ఆ కొద్ది భాగాన్ని మాత్రమే కెమెరా చదివితే చాలు కనుకనే సెకనుకు నూరు, అంతకు మించిన ఫ్రేములు సాధ్యమవుతున్నాయి.

ఎంతసేపు తీయాలన్నది మాత్రం గ్రహమే నిర్ణయిస్తుంది. గురుడు సుమారు 9 గంటల 55 నిమిషాల్లో తన చుట్టూ తాను తిరుగుతాడు కనుక, బింబం నడుమ ఉన్న మచ్చ నిమిషానికి పావు ఆర్క్‌సెకండుకు కాస్త మించి జరిగిపోతుంది; రెండు నిమిషాలు దాటితే ఆ కదలిక టెలిస్కోపు చూపగల అతిచిన్న వివరమంత అవుతుంది. ఆ రెండు నిమిషాల్లో పట్టిన పన్నెండు వేల ఫ్రేములను, ఎమిల్ క్రైకాంప్ రాసిన ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేరు నాణ్యతను బట్టి వరుసలో పెట్టి, మేలైన రెండున్నర వేలను ఏరి ఒకదానిపై ఒకటి అమర్చి సగటు తీస్తుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. ఫ్రేముల సంఖ్యకు వర్గమూలమెంతో అన్ని రెట్లు గరుకుదనం తగ్గుతుంది కనుక, రెండున్నర వేల ఫ్రేముల చిత్రం విడి ఫ్రేము కంటే యాభై రెట్లు నునుపుగా వస్తుంది.

ఆ నునుపులో దాగిన వివరాన్ని వేవ్‌లెట్లనే గణిత ప్రక్రియతో పదును పెట్టి పైకి తెస్తారు. ఔత్సాహికుడి నిజాయితీకి పరీక్ష ఎదురయ్యేది ఇక్కడే. పదును శ్రుతి మించితే కుజబింబం అంచున లేని వెలుగుగీత పుట్టుకొస్తుంది, గురుడి మేఘాల్లో లేని ముడులు మొలుస్తాయి. గురుడిపై పడే ఉపగ్రహం నీడ గుండ్రంగా ఉన్నంతవరకే చిత్రాన్ని నమ్మవచ్చు. వివరాన్ని ఊహించి నింపే కృత్రిమ మేధ పరికరాలు నేడు చవకగా దొరుకుతున్నా, తేదీ వేసి దాచే చిత్రానికి వాటి చేయి తగలకూడదు, ఎందుకంటే ఈ చిత్రాలు గోడకు తగిలించే అందం దగ్గరే ఆగిపోవు.

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నుంచి క్రిస్టఫర్ గో 2006 ఫిబ్రవరిలో, గురుడిపై మూడు తెల్లని సుడుల కలయికతో ఏర్పడిన ఓవల్ బీఏ అనే తుపాను ఎర్రబడిందని తన చిత్రాల్లో గుర్తించాడు. 2009 జులై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన 368 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో గురుడి దక్షిణ ధ్రువం దగ్గర కొత్త నల్లమచ్చను చూసి తక్షణం కబురు చేస్తే, అది ఏదో ఖగోళ శకలం ఢీకొన్న గుర్తని హవాయిలోని నాసా టెలిస్కోపు ధ్రువపరచింది, నాలుగు రోజులకు హబుల్ దాన్ని చిత్రించింది. 2010 జూన్ 3న వెస్లీ వీడియోలో రెండు సెకన్ల పాటు మెరిసిన వెలుగు అదే క్షణాన గో తీసిన వీడియోలోనూ ఉండడంతో, కెమెరా లోపమన్న సందేహానికి తావు లేకుండా పోయింది. ముడి వీడియోలను చెరిపేయకుండా దాచుకోవాలనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు.

ఉష్ణమండల వాసులకు ఈ విద్యలో పెద్ద అనుకూలత ఉంది. 2020లో గురుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 22 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లండన్‌లో దిగంతానికి 17 డిగ్రీలు కూడా లేవలేదు, హైదరాబాదులో 50 డిగ్రీల ఎత్తుకు వచ్చాడు. కిందికి దిగేకొద్దీ కాంతి దాటవలసిన గాలి మందం పెరుగుతుంది. బ్రిటన్‌కు చెందిన డేమియన్ పీచ్ టెలిస్కోపు పట్టుకుని బార్బడోస్ దాకా వెళ్లడం అందుకే. అయితే పగలంతా కాగిన డాబా రాత్రి తొలిజాముల్లో వేడిని కక్కుతుంది కనుక, తెలుగునాట మేడమీది కంటే గడ్డి నేల, సాయంత్రం కంటే తెల్లవారుజాము నయం. సొంత ఇంటి ఆవరణలో ఖగోళశాస్త్రం చేయడం ఇక్కడ కొత్త కాదు: గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో నెలకొల్పిన సొంత వేధశాలను నడిపిన ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించి నమోదు చేశారు.

గురుడి ఒక్కో ముఖం పది గంటలకొకసారి భూమివైపు తిరుగుతుంది గనుక ఏ ఒక్క దేశపు రాత్రీ దానికి చాలదు. ఫిలిప్పీన్స్‌లో తెల్లవారి, యూరప్‌లో గ్రహం ఇంకా ఉదయించని వేళల్లో జరిగే మార్పులు భారతదేశపు రేఖాంశాల నుంచే కంటికి అందుతాయి. చిత్రంతో పాటు వీడియో నడిమి క్షణాన్ని విశ్వ సమయంలో నిమిషం తప్పకుండా, టెలిస్కోపు వ్యాసం, వాడిన ఫిల్టరు, ఆనాటి సీయింగ్ రాసి పంపితే, 1890 నుంచి పనిచేస్తున్న బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్‌లోని గురుగ్రహ విభాగం వంటివి వాటి నుంచి మచ్చల రేఖాంశాలను కొలిచి, ఒక్కో సుడి ఏ వేగంతో ఎటు కొట్టుకుపోతున్నదో ఏళ్ల తరబడి గీసుకుంటూ వస్తున్నాయి.