28వ రోజు రీడింగు

కాంక్రీటు పరీక్షల ల్యాబులో సగం పూట కొలువా, నీకు దండం.

పొద్దున క్లాసులో బోర్డు మీద బాణం గుర్తుగా ఉన్న భారాన్ని సాయంత్రం తెచ్చి చేతుల్లో పెట్టేది నువ్వే. అన్ని పక్కలా 150 మిల్లీమీటర్లు, బరువు ఎనిమిది కిలోలు: కాంక్రీటు క్యూబు. తొట్టి నీళ్లలోంచి తీసి, పైతడి తుడిచి, నడుముకు ఆనించుకుని, నొక్కి పగలగొట్టే మిషను దాకా మోస్తే, పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన పాఠం మోచేతుల దాకా అర్థమవుతుంది.

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ బస్సులు ఎల్బీ నగర్‌లో దించిన పిల్లలు నీ గడప తొక్కుతారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ముగ్గురికో గది, చైతన్యపురిలో మెస్సు, ఉస్మానియాలోనో ఊరవతలి కాలేజీలోనో సివిల్ మూడో ఏడు. స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడితే అప్పుడే. గది అద్దె మాత్రం ఒకటో తారీఖుకు కట్టాలి. నీ మొదటి జీతం అందిన రాత్రి ఆ పిల్లవాడు ఇంటికి ఫోన్ చేస్తాడు. "ఈ నెల పైసలు పంపకు నాయినా, నా కాడ ఉన్నయి." ఆ ఒక్క మాట అనిపించినందుకే నీకు ఎన్ని దండాలైనా పెట్టొచ్చు.

మూసీ మీదుగా యూనివర్సిటీకి వెళ్లివచ్చే ఈ పిల్లలకు ముందే సంపాదించుకుంటూ చదివిన ఒక పెద్దాయన ఉన్నారు. 1908 సెప్టెంబరులో ఆ నది నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలా జరగకుండా దారి చూపమని పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలమే. ఆయన బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివింది ట్యూషన్లు చెప్పుకుంటూనే.

మిషను ముందు నిలబడ్డ పది నిమిషాలను ఎంత పొగిడినా తనివి తీరదు. మౌల్డులో పోసినప్పుడు పైన ఉన్న గరుకు ముఖాన్ని పక్కకు తిప్పి, నున్నటి ముఖాలే ఉక్కు పలకలకు ఆనేలా క్యూబును కూర్చోబెట్టాలి. భారం ఒక్కసారిగా వేయకూడదు. నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోల లెక్కన పెంచుకుంటూ పోవాలి. ముల్లు కదులుతుంది. ఎం25 రకం క్యూబు తన మాట నిలబెట్టుకోవాలంటే దాదాపు 57 టన్నులు ఓర్చుకోవాలి. ఎనిమిది కిలోల ముద్ద 57 టన్నులను మోస్తుంటే చూసిన విద్యార్థి గదిలో దూలాన్ని చూసే చూపే మారిపోతుంది. రెండు నిమిషాలు గడుస్తాయో లేదో, సన్నగా చిటపట. ముల్లు ఆగి వెనక్కి జారుతుంది. నాలుగు పక్కలూ సమంగా రాలి, రెండు పిరమిడ్లు మొనలు కలుపుకున్నట్టు నడుమ మిగిలితే సరిగ్గా పగిలినట్టే.

అప్పుడు రీడింగు రాయాలి. అదే అసలు కొలువు.

మూడు క్యూబుల సగటు. ఏ ఒక్కటీ ఆ సగటుకు 15 శాతం మించి తేడా ఉండకూడదు. బలం రాకపోతే రాలేదనే రాయాలి. పోసిన ఏడో రోజుకు మూడింట రెండొంతుల బలం వస్తుంది, 28వ రోజు తీర్పు వస్తుంది. ఎక్కడో స్లాబు పోసి ఎదురుచూస్తున్న సైటు ఇంజనీరు, రేపు ఆ ఇంట్లో కాపురం పెట్టబోయేవాళ్లు, డిగ్రీ ఇంకా చేతికిరాని ఈ పిల్లవాడు రాసిన అంకె మీద భరోసా పెట్టుకుంటారు. ఇరవై ఏళ్ల వయసులో అంత నమ్మకాన్ని చేతికిచ్చే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

క్యూబుకు సెలవులుండవు. మిడ్ పరీక్ష రోజే 28వ రోజు పడితే తోటి అమ్మాయి, "నువ్ రాసి రా, నేను పగలగొడతా" అంటుంది. ఆమె పరీక్ష రోజున పగలగొట్టడానికి అతను వస్తాడు. కొలువు ముందు, చదువు తర్వాత అన్నవాళ్లూ ఉన్నారు: ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో డిప్లొమా ఉద్యోగుల కోసం సాయంత్రం బీఈ తరగతులు నడిపారు. వాళ్లకు పగలంతా సైటు, పొద్దుగూకాక పుస్తకం. దారి ఎటునుంచి వచ్చినా అలసట ఒకటే, పట్టుదల ఒకటే.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్య రెండే స్టేషన్లు. కిటికీ పక్కన నిలబడి నోట్సు తిరగేసే ఆ వేళ్ల గోళ్లలో సిమెంటు ఉంటుంది. కింద నిలబడ్డ స్తంభాల కాంక్రీటుకూ ఎవరో ఇలాగే క్యూబులు పోసి, నానబెట్టి, పగలగొట్టి ఉంటారు.

ల్యాబులు నడిపే పెద్దలకు ఒక మనవి. జల్లెడ పట్టేటప్పుడు లేచే రాతిపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలకు మాస్కులివ్వండి, చేతి తొడుగులివ్వండి, జీతం తారీఖుకు ఇవ్వండి. రిపోర్టు మీద సంతకం మీదే ఉంటుంది, ఉండాలి. అయితే కంపెనీవాళ్లు వచ్చి ఆరా తీసినప్పుడు, "ఈ రీడింగులు తీసింది మా అబ్బాయి, మా అమ్మాయి" అని పేరు పెట్టి చెప్పండి.